వ్యతిరేకించడానికి మనిషి కావలెను

మనిషి పుట్టిన నాటి నుంచీ మారుతూనే ఉన్నాడు గానీ, ఆ పని చూసుకోవడానికి ఒక మేనేజరంటూ లేకపోవడం వల్ల ఇన్నాళ్ళూ ఇష్టమొచ్చినట్టు మారాడు. నాలుగు కాళ్ళ నుంచి రెండు కాళ్ళకు వచ్చినప్పుడు ఎవరి సంతకమూ తీసుకోలేదు. నిప్పు కనిపెట్టినప్పుడు వాడేవాళ్ళకు శిక్షణ ఇవ్వలేదు. (ఇప్పటికీ చేతులు కాల్చుకుంటున్నామంటే కారణం అదే.) ఈ లోటును ఆలస్యంగానైనా గుర్తించిన పెద్దలు మార్పు మేనేజరు అనే ఉద్యోగాన్ని సృష్టించారు. అందులో మా చెల్లెలు చేరింది.

మా చెల్లెలు అంతకు ముందు తొమ్మిదేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పింది. బడి మూతపడ్డాక మూడు వారాల కోర్సు చేసింది. ఆ కోర్సు పుస్తకం నాలుగు వందల పేజీలు. సారాంశం మాత్రం ఒక్క ముక్క. మార్పు అనగానే ప్రతి మనిషీ ముందు మొండికేస్తాడు, తర్వాత అలుగుతాడు, ఆ తర్వాత బేరమాడతాడు, చివరికి దారికొస్తాడు. మొండికేయని మనిషిని ఏం చెయ్యాలో అందులో రాయలేదు. అటువంటి మనిషి ఉంటాడని రాసినవాళ్ళకు తోచి ఉండదు.

ఉద్యోగం పెద్దాసుపత్రిలో. పథకం పేరు రోగి సమాచార సమగ్ర పరివర్తన. రోగుల కాగితం ఫైళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, కాగితాలను లారీల్లో ముక్కలు చేసే కార్ఖానాకు పంపడం దాని లక్ష్యం. బృందంలో ముగ్గురు. మొదటివారు సంచాలకులు. వారికి మందుల వాసన పడదు కాబట్టి ఆసుపత్రికి ఎదురుగా ఉన్న భవనంలో మూడో అంతస్తులో కూర్చుని కిటికీలోంచి ఆసుపత్రిని నడిపేవారు. రెండోవాడు సాఫ్ట్‌వేర్ మనిషి. ఏమడిగినా "అది వచ్చే వెర్షన్లో ఉందండి" అనేవాడు. (ఒకసారి టాయిలెట్ ఎటువైపని అడిగితే కూడా ఆ మాటే నోటికొచ్చిందట.) మూడోది మా చెల్లెలు. మూడు నెలల తర్వాత పనితీరు చూసి ఉంచుకోవడమో, పంపించడమో తేలుస్తామన్నారు.

చేరిన రోజునే ఆమె చేతికి 'వ్య-7' అనే ఫారం ఇచ్చారు. పథకం మీద వచ్చే ఒక్కో అభ్యంతరాన్నీ చెప్పినవారి పేరుతో అందులో రాయాలి. ఐదుకు తక్కువ కాకూడదు. ప్రతి పేరు పక్కనా ఆ వ్యతిరేకత భయమా, కోపమా, పాత మీద మమకారమా అన్నది టిక్కు పెట్టాలి. ఎంత మోతాదులో ఉందో కూడా రాయాలి: స్వల్పం, మధ్యస్థం, తీవ్రం.

అందరికన్నా ఎక్కువగా మొండికేసేది రికార్డుల గదిలోనే అని సంచాలకులు ముందుగానే హెచ్చరించారు. ఆ గది కింది అంతస్తులో, ఎక్స్‌రే గది వెనక ఉంది. నిట్టనిలువు ఇనప ర్యాకులు, వాటి మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు, ఒక నిచ్చెన. ఉన్న ఒక్క కిటికీ జెనరేటరు వైపు తెరుచుకుంటుంది. అక్కడ ఇరవయ్యారేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడని సూపరింటెండెంటు దగ్గర నుంచి నేల తుడిచే మనిషి దాకా అందరూ పిన్నిగారనే పిలుస్తారు. ఏ ఫైలడిగినా రెండు నిమిషాల్లో తీసిస్తుంది. నంబర్లు గుర్తుండవు, మనుషులు గుర్తుంటారు. "నిప్పెట్టె మింగిన పిల్లాడా? వాళ్ళ నాన్న ఫైలు పక్కనే ఉంటుంది, ఆయన తాళంచెవి మింగాడు" అనే పద్ధతిలో సాగుతుంది వెతుకులాట.

మా చెల్లెలు గుండె చిక్కబట్టుకుని వెళ్ళింది. సంచిలో కోర్సు పుస్తకమూ, 'నేను మారాను' అని అచ్చేసిన ఒక నీళ్ళ సీసా కూడా ఉన్నాయి. (మారినవారికి బహుమతిగా ఇవ్వడానికి వెయ్యి సీసాలు ముందే చేయించారు.)

"పిన్నిగారూ, ఈ ఫైళ్ళు ఇక ఉండవండి. అన్నీ కంప్యూటర్లోకి పోతాయి."

"ఎప్పుడమ్మా?"

"మూడు నెలల్లో."

"ఇంకాస్త ముందు కుదరదా? ఆ నిచ్చెన ఎక్కలేక నా మోకాళ్ళు పోయాయి."

మా చెల్లెలు పుస్తకంలో మొదటి దశ చూసుకుంది. మొండితనం దాచిపెట్టేవాళ్ళను నెమ్మదిగా బయటికి లాగాలని ఉంది. "ఇరవయ్యారేళ్ళు చూసుకున్న ఫైళ్ళు కదా. బాధగా లేదాండీ?"

"ఇరవయ్యారేళ్ళు దుమ్ము పీల్చానమ్మా. బాధెందుకు?"

"పోనీ కొంచెం కోపం?"

"నీ మీదా? నిన్నగాక మొన్నొచ్చిన పిల్లవి, నీ మీద కోపమేమిటి. అన్నం తిన్నావా?"

ఆ వారంలోనే పిన్నిగారు కంప్యూటరు నేర్చేసుకుంది. తర్వాతి వారం నర్సులకు నేర్పింది. నెల తిరిగేసరికి ఆసుపత్రిలో అందరూ ఆ లారీ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. మా చెల్లెలు వ్య-7లో నిజాయితీగా సున్నా వేసి సంచాలకుల ముందు పెట్టింది.

ఆయన ఆ సున్నాను చాలాసేపు చూశారు. "ఇదేంటమ్మా?"

"ఎవరూ వ్యతిరేకించడం లేదు సార్. అందరూ కావాలనే అంటున్నారు."

"అలా ఎలా కుదురుతుంది? వ్యతిరేకత లేకపోతే దాన్ని తగ్గించడానికి నిన్నెందుకు తీసుకున్నట్టు? నేనెందుకు ఉన్నట్టు?"

ఈ రెండో ప్రశ్న నోటి నుంచి వచ్చాక ఆయన లేచి కిటికీ పరదా వేసేశారట.

ఆ సాయంత్రం మా చెల్లెలు నాకు ఫోను చేసింది. "అన్నయ్యా, నీకు తెలిసినవాళ్ళలో బాగా మొండివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"మీ వదినని పంపనా?" అన్నాను. (మా ఆవిడ నా రాతలు చదవదన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను.)

"వేళాకోళం కాదు. ఐదు వ్యతిరేకతలు చూపించకపోతే నన్ను తీసేస్తారు."

నాలుగు రోజుల్లో సంచాలకులే దారి కనిపెట్టారు. ఉత్తర్వు వచ్చింది. దాని నకలు నా దగ్గరుంది: "రికార్డుల విభాగపు ఉద్యోగిని తన సాధారణ విధులకు అదనంగా ప్రతి మంగళవారము మధ్యాహ్నము మూడు గంటల నుండి నాలుగు గంటల వరకు ఈ పథకమును వ్యతిరేకించవలెను. సెలవు పెట్టదలచినచో ఆ గంటకు ప్రత్యామ్నాయ వ్యతిరేకిని తానే ఏర్పాటు చేయవలెను."

మొదటి మంగళవారం మూడింటికి పిన్నిగారు చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. "ఏమనాలమ్మా?"

"మాకు ముందుగా చెప్పలేదు అనండి."

"చెప్పావు కదా. టీ కూడా తాగి వెళ్ళావు."

"సరే, పాత పద్ధతే బాగుంది అనండి."

"ఏం బాగు? నువ్వో రోజు ఎక్కి చూడు ఆ నిచ్చెన."

మా చెల్లెలు కలం మూసేసింది. "పిన్నిగారూ, మీరు వ్యతిరేకించకపోతే నా ఉద్యోగం పోతుందండీ."

పిన్నిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "ఆ ముక్క ముందు చెప్పొద్దూ. అయితే ఒకటి, నాకు అబద్ధాలు చేతకావు. నిజంగా ఏమైనా తప్పులు దొరుకుతాయేమో చూస్తానుండు."

ఇక్కడి నుంచే వ్యవహారం పక్కదారి పట్టింది. ఆవిడ నిజంగానే చూడడం మొదలుపెట్టింది. అంతవరకు ఆ పని ఎవరూ చెయ్యలేదు. పేరు గడిలో పద్దెనిమిది అక్షరాలే పడతాయని మొదటి వారం తేలింది. అంతకన్నా పొడుగు పేరున్నవాళ్ళు మిగతా పేరు ఇంటి దగ్గర వదిలి రావాలి. పుట్టిన తేదీ తెలియనివాళ్ళందరినీ కంప్యూటరు జనవరి ఒకటిన పుట్టించిందని తర్వాత బయటపడింది. ముసలివాళ్ళ వార్డు మొత్తం కవలలే. అలా ఆరు వారాల్లో పదమూడు అభ్యంతరాలు వచ్చాయి. సంచాలకులు ఉత్సాహంగా ఉన్నారు.

పద్నాలుగోది చెప్పేటప్పుడు మాత్రం పిన్నిగారు గొంతు తగ్గించింది.

"ఒకే పేరు, తండ్రి పేరు కూడా ఒకటే ఉంటే ఇది ఇద్దరినీ కలిపి ఒకే మనిషిని చేస్తోందమ్మా. చూడు, ఈ తాపీమేస్త్రీ వేరు, ఈ టైలరు వేరు. ఇప్పుడిద్దరూ ఒకటే. ఇలాంటి జంటలు నలభై ఒకటి దొరికాయి."

మా చెల్లెలు సాఫ్ట్‌వేర్ మనిషి దగ్గరికి వెళ్ళింది. ఆయన వచ్చే వెర్షన్లో ఉందన్నాడు. సరిచేస్తారా అని అడిగితే, "కాదండీ, కలిపే పని వచ్చే వెర్షన్లో ఇంకా వేగంగా జరుగుతుంది" అన్నాడు.

వ్య-7లో చూస్తే భయం, కోపం, మమకారం అన్న గడులే ఉన్నాయి. నిజం అన్న గడి లేదు. మా చెల్లెలు కాసేపు తటపటాయించి 'భయం, మధ్యస్థం' అని టిక్కు పెట్టింది. మధ్యస్థ భయానికి నియమం ప్రకారం చికిత్స ముప్పావుగంట సానుభూతి, ఒక సీసా. పిన్నిగారికి అప్పటికి ఎనిమిది సీసాలు వచ్చాయి. ఇంట్లో అందరికీ సరిపోగా పక్కింటివాళ్ళు కూడా మారారు.

ఆ ఫారం వెనక సన్నని అక్షరాల్లో తొమ్మిదో నియమం ఒకటి ఉంది. ప్రతి అభ్యంతరానికీ సాక్ష్యం జతచేయాలి. అభ్యంతరం తీరేదాకా ఆ సాక్ష్యాన్ని కదిలించకూడదు. దాన్ని ఆసుపత్రి మొత్తం మీద చదివింది పిన్నిగారొక్కతే. ఆ నలభై ఒక్క జంటల ఫైళ్ళు, ఎనభై రెండూ తీసి ఇనప బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.

పథకం ప్రారంభమైన సోమవారం సంచాలకులు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని స్వయంగా వచ్చి రిబ్బను కత్తిరించారు. పది గంటలకు లారీ వచ్చింది. పదిన్నరకు మూడు ర్యాకులు ఖాళీ అయ్యాయి. పదీ నలభైకి ఆపరేషన్ థియేటరు నుంచి మత్తు డాక్టరమ్మ ఫోను చేసింది.

"పిన్నిగారూ, ఇక్కడ బల్ల మీద పేషెంటున్నాడు. పిత్తాశయం తియ్యాలి. కంప్యూటరేమో నాలుగేళ్ళ కిందటే తీసేశారంటోంది. ఆయన నా కడుపు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదంటున్నాడు."

నిజానికి తెర మీద ఎర్ర అక్షరాల్లో ఇలా వచ్చిందట: "లేని అవయవమును తొలగించుటకు అనుమతి లేదు. కొనసాగదలచినచో ముందుగా అవయవమును నమోదు చేయండి."

"మేస్త్రీయా, టైలరా?" అంది పిన్నిగారు.

"మేస్త్రీ."

"ఆగమ్మా. సూది ఏదీ వెయ్యకండి. ఫైలు పంపిస్తున్నా."

ఆ మోకాళ్ళతో ఆవిడ మెట్లెక్కలేదు. బీరువా తీసి ఫైలు మా చెల్లెలి చేతిలో పెట్టి "పరిగెత్తు" అంది. మా చెల్లెలు రెండంతస్తులు పరిగెత్తింది. ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో, పిన్నిగారి దస్తూరీలో ఒక మందు పేరుంది. కింద రాసి ఉంది: ఇది పడదు, పదకొండేళ్ళ కిందట ఊపిరాడక చావు తప్పింది. డాక్టరమ్మ అది చదివి, ట్రేలో సిద్ధంగా ఉన్న సిరంజిని తీసి పక్కన పెట్టింది. అందులో ఉన్నది ఆ మందే. కంప్యూటరు ప్రకారం ఆయనకు పడని మందంటూ లేదు. టైలరుకు అన్నీ పడతాయి.

మేస్త్రీ పడుకునే అడిగాడు. "నా పేరుతో ఇంకెవరో ఉన్నారటగా అమ్మా?"

"ఉన్నారండీ. టైలరుగారు."

"కులాసాగా ఉన్నాడా?"

మా చెల్లెలు ఏదో జవాబు చెప్పి బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. తను టిక్కు పెట్టిన గడి కళ్ళ ముందు కదిలిందట. తర్వాత నాతో అంది: "తొమ్మిదేళ్ళు పిల్లల లెక్కలు దిద్దాను అన్నయ్యా. తప్పు కళ్ళెదురుగా కనిపించినా టిక్కు పెట్టింది మాత్రం అదే మొదటిసారి."

కిందికి వచ్చేసరికి నాలుగో ర్యాకు లారీ ఎక్కుతోంది. లారీని ఆపే అధికారం మార్పు మేనేజరుకు లేదు. ఆమెకున్న అధికారమల్లా ఫారాలు నింపడం.

"పిన్నిగారూ, ఇంకా ఎన్ని అభ్యంతరాలున్నాయి?"

"నిజంగా ఉన్నవేనా?"

"నిజంగా ఉన్నవే."

"ఒక్కో ఫైలూ కంప్యూటరుతో సరిచూస్తే గానీ ఎలా చెప్పను?"

"సరిచూడలేదు అన్నది అభ్యంతరం కాదా అండీ?"

పిన్నిగారు సొరుగు లాగింది. "అబద్ధమైతే కాదు," అంది.

సొరుగులో 'సరిచూడబడినది' అనే పాత రబ్బరు ముద్ర ఉంది. దాని చివరి రెండక్షరాలు బ్లేడుతో గీకేశారు. ఫైలుకొక ఫారం చొప్పున ముద్ర కొట్టి, మిగిలిన 'సరిచూడబడి' పక్కన 'లేదు' అని చేత్తో రాయడం మొదలుపెట్టారు. డ్యూటీ దిగిన నర్సులు కూర్చున్నారు. అంబులెన్సు డ్రైవర్లిద్దరు కూర్చున్నారు. భోజనం చేసొచ్చి మత్తు డాక్టరమ్మ కూడా ఒక కట్ట పూర్తి చేసింది. లారీ డ్రైవరు తలుపు దగ్గర నిలబడి అడిగాడు.

"ఎత్తమంటారా, దించమంటారా?"

"దించండి," అంది మా చెల్లెలు. "అవన్నీ సాక్ష్యాలు."

"పొద్దుట చిత్తుకాగితాలన్నారు."

"మారాయి."

ఆయన ఇంకేం అడగకుండా దించాడు. (అందరికన్నా సులువుగా మారింది ఆయనే. ఆయనకు సీసా ఇవ్వడం మరిచిపోయారు.) సాయంత్రానికి అభ్యంతరాలు నాలుగు వేల రెండు వందలయ్యాయి. మిగతావి బుధవారానికి పూర్తయ్యాయి.

మా చెల్లెలు ఇంట్లో కూర్చుని రెండు పేజీల నివేదిక రాసింది. మొదటి పేజీలో అంకెలు. రెండో పేజీలో మేస్త్రీ సంగతి, పేర్లు కలవడం, ఈ పథకాన్ని సరిచేసేదాకా ఆపాలన్న మాట, 'మధ్యస్థం' అని రాసింది తానేనన్న ఒప్పుకోలు. గురువారం పొద్దున ఆ రెండూ పట్టుకుని, ఉద్యోగం పోయినట్టేనని తేల్చుకుని మూడో అంతస్తుకు ఎక్కింది.

సంచాలకులు మొదటి పేజీ చదివారు. మళ్ళీ చదివారు. తర్వాత లేచి ఆమెకు కుర్చీ వేశారు.

"పదకొండు వేలా అమ్మా?"

"అవును సార్. రెండో పేజీలో..."

"నా సర్వీసులో అరవై దాటిన వ్యతిరేకత చూడలేదు. పదకొండు వేలంటే మార్పు ఎంత లోతుకు దిగి ఉంటుందో ఆలోచించు."

"సార్, ఒక మనిషి చనిపోయేవాడు. రెండో పేజీ చూడండి."

"చనిపోలేదు కదా?"

"లేదు సార్."

"మంచిది. దాన్ని అనుబంధంగా జతచేయి."

పథకాన్ని ఇంకో మూడేళ్ళు పొడిగించారు. మా చెల్లెలి ఉద్యోగం ఖాయమైంది. రెండో పేజీని పరిశీలించడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం ఇంకా మొదటి పేజీలో ఉంది. సాక్ష్యాలు కదపకూడదు కాబట్టి ఫైళ్ళన్నీ తిరిగి అవే ర్యాకుల్లోకి చేరాయి. తలుపు మీద పాత బోర్డు తీసి 'సాక్ష్యాధార భద్రతా కేంద్రం' అని కొత్తది కొట్టారు.

ఇక డాక్టర్లు ప్రతి ఆపరేషనుకు ముందూ పిన్నిగారికే ఫోను చెయ్యసాగారు. అది పాత పద్ధతి కింద లెక్క కాబట్టి నిషేధించారు. దాంతో మా చెల్లెలు పోరగా పోరగా సాఫ్ట్‌వేర్ మనిషి జీవితంలో మొదటిసారి ఒక పనిని ఈ వెర్షన్లోనే చేశాడు. తెర మీద 'సహాయం' అని ఒక మీట పెట్టాడు. అది నొక్కితే కింద ఆ గదిలో ఫోను మోగుతుంది. పిన్నిగారు తీసి, ఫైలు చూసి చెబుతుంది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు ఆ తర్వాత. మీట వెనక ఎవరున్నారో సంచాలకులకు ఎవరూ చెప్పలేదు, వారు అడగలేదు.

ఆరు నెలలకు ప్రధాన కార్యాలయం నుంచి తనిఖీ సంఘం వచ్చింది. అధ్యక్షులు స్వయంగా మీట నొక్కి ఒక రోగి పేరు గట్టిగా చెప్పారు.

"అరవకు నాయనా, వినిపిస్తోంది," అంది తెర.

నిమిషమున్నరలో జవాబొచ్చింది. రోగి పేరు, జబ్బు, పడని మందు చెప్పి, పోయినసారి చీటీ పారేసుకున్నాడని, ఈసారి వాళ్ళావిడ చేతికివ్వమని సలహా కూడా ఇచ్చింది. సంఘ సభ్యులు ముఖముఖాలు చూసుకున్నారు. ఇంత సహజంగా మాట్లాడే యంత్రం ఇంకెక్కడా చూడలేదని ఒకరన్నారు. తిట్టడం కూడా నేర్పారని ఇంకొకరు మెచ్చుకున్నారు.

మా చెల్లెలు వాళ్ళ వెనకే నిలబడి ఉంది. ఆ రాత్రి ఫోనులో నన్నడిగింది. "మనిషని చెబితే ఆవిణ్ణి పంపించేస్తారు అన్నయ్యా, పాత పద్ధతని. చెప్పకపోతే యంత్రమనుకుంటారు. ఏం చెయ్యమంటావు?"

సంఘం ముందు మాత్రం తను నోరు విప్పలేదు.

తనిఖీ నివేదిక మొన్న వచ్చింది. పన్నెండు పేజీల ప్రశంస. స్వర సహాయకిని మిగతా అన్ని ఆసుపత్రులకూ విస్తరించాలని సిఫారసు చేశారు. లోపాల కింద ఒక్క వాక్యమే ఉంది: "జవాబు చెప్పు గొంతు వృద్ధాప్యములో ఉన్నట్లును, అలసినట్లును వినబడుచున్నది, నడుమ నడుమ దగ్గుచున్నది, వెంటనే మార్చవలెను. బాధ్యత: మార్పు మేనేజరు."